పండమేరు పక్కన ప్లాటు కొనొచ్చా? మునిగేవి ఎప్పుడూ అవే కాలనీలెందుకు?

తమ్ముడి ప్రశ్న ఇదీ. బెంగళూరులో ఉద్యోగం, అమ్మానాయనలు అనంతపురంలో బాడుగ ఇంట్లో ఉన్నారు. వాళ్లకోసం ఊరి పక్కన పారే పండమేరు వంక (వాగు) వైపు 3 సెంట్ల జాగా చూశాడు. టౌను లోపలి రేటులో సగానికే వస్తోందట. 2024లో ఆ చుట్టుపక్కల మునిగిన సంగతి తెలుసు. అయినా "పక్కనే గవర్నమెంటే పేదలకు పట్టాలిచ్చింది, ప్రమాదమైతే ఇస్తుందా సార్" అని బ్రోకరు ధైర్యం చెబుతున్నాడు. కొనొచ్చా అన్నది మొదటి ప్రశ్న. వాన ఊరంతా పడితే మునిగేవి ఎప్పుడూ అవే కాలనీలెందుకు, ఎవరైనా కావాలని చేస్తున్నారా అన్నది రెండోది.

తమ్ముడూ, రెండోదానితో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు అందులోనే దొరుకుతుంది. నేను మైనర్ ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బ్యాంకులకు ఇళ్ల విలువ కట్టి రిపోర్టులు ఇస్తుంటాను. చెరువు కట్ట మీద నిలబడి కిందికి చూడటం ఒక ఉద్యోగం, కింద ఇంట్లో నిలబడి గోడ మీద నీటి చార కొలవడం ఇంకో ఉద్యోగం. కావాలని ఎవరూ చేయడం నేను చూడలేదు. ఎవరికి వాళ్లు న్యాయంగా తోచిన పనే చేసుకుంటూ పోతారు, నీళ్లు మాత్రం చివరికి ఎదురుచెప్పలేనివాడి గుమ్మానికే చేరతాయి.

ముందు మన వాన సంగతి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు కురిసే ఊరు మనది. కోనసీమలో ఏటి వార జాగా కొనేవాడికి ఏరు ఏటా ఆగస్టులో కనబడుతుంది, ఎంతవరకు ఎక్కుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మన వంక ఏళ్ల తరబడి కనబడదు. అందులో మేకలు మేస్తుంటాయి, ట్రాక్టర్లు ఇసుక తోలుతుంటాయి, పిల్లకాయలు క్రికెట్ ఆడుతుంటారు. వరసగా మూడు నాలుగేళ్లు కరువొస్తే అక్కడ సున్నం గీతలు పడతాయి, హద్దురాళ్లు లేస్తాయి, ముందర ఒక ఆర్చీ కట్టి ఏదో నగర్ అని పేరు రాస్తారు. కొనేదెవరు? వేరుశనగ పోయి, బోర్లు ఎండి, ఉన్న రెండెకరాలు తెగనమ్మి పిల్లల చదువుల కోసం టౌనుకొచ్చినవాళ్లు. వాళ్ల చేతిలో మిగిలిన డబ్బుకు దొరికేది వంక వారే. కరువుకు తాళలేక ఊరు విడిచినవాళ్లే ఇక్కడ వరదకు చిక్కుతున్నారు. అనంతపురం వరదల గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి ఎందుకు మర్చిపోతారో గానీ, నన్నడిగితే కథంతా ఇక్కడే మొదలైంది.

2022 అక్టోబరు రెండో వారంలో టౌను మధ్యగా పోయే నడిమివంక పొంగింది. రుద్రంపేట, సోమనాథ్ నగర్, రంగస్వామి నగర్ వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. అనంతపురం వీధుల్లో పడవలు తిరిగాయంటే బయట ఊళ్లవాళ్లు నమ్మలేదు. రెండేళ్లకు, 2024 అక్టోబరు 21 రాత్రి కనగానపల్లి, రాప్తాడు వైపు కుండపోత. కనగానపల్లి చెరువుకు గండి పడింది. ఆ నీళ్లు పండమేరులో పడి, 22న తెల్లవారేసరికి టౌను శివారు కాలనీల్లోకి వచ్చాయి. అందులో జగనన్న కాలనీ ఒకటి. 44వ నంబరు జాతీయ రహదారి మీద బండ్లు ఆగిపోయాయి. గండి పడిన చెరువు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, మునిగిన ఇళ్లు అనంతపురం జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడగొట్టారు గానీ వంకను విడగొట్టలేదు కదా.

ఇక మీ బ్రోకరు మాట. దాన్ని తిరగేసి చదువుకో. గవర్నమెంటు పట్టాలిచ్చిందంటే అది మంచి జాగా అని కాదు, గవర్నమెంటు దగ్గర మిగిలిన జాగా అని. వందేళ్ల నుంచి ప్రభుత్వ భూమిని పంచుతూనే ఉన్నాం. సాగుకు పనికొచ్చేది ఎప్పుడో పోయింది, రోడ్డు పక్కది ఆఫీసులకు, కాలేజీలకు పోయింది. ఆర్‌ఎస్‌ఆర్‌లో, అంటే రెవెన్యూవాళ్ల పాత భూముల రిజిస్టరులో, ఇప్పటికీ ప్రభుత్వం పేరున కనబడేవి గుట్టలు, గయాళు (సాగుకు రాని బీడు), వంక పోరంబోకు, చెరువు గర్భం అంచులు. 2020 డిసెంబరు 25న ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైనప్పుడు టౌన్లలో 1 సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున ఇచ్చారు. 1 సెంటు అంటే 48.4 చదరపు గజాలు. వేలమందికి ఒకేసారి ఇవ్వాలంటే పదుల ఎకరాలు ఒకేచోట కావాలి, తొందరగా కావాలి, చవగ్గా కావాలి. ప్రభుత్వ భూమి చాలకపోతే కొంటారు, కొన్నా రేటు తక్కువున్న వైపే కొంటారు. రేటు ఎందుకు తక్కువుందో ఆ ఊరి రైతులకు తెలుసు. అందుకే పేదల కాలనీ సగం ఊళ్లలో నీళ్లెక్కని గుట్ట మీద ఉంటుంది, సగం ఊళ్లలో నీళ్లు దిగని పల్లంలో ఉంటుంది. ఎన్టీఆర్ కాలనీ, రాజీవ్ కాలనీ, జగనన్న కాలనీ, చంద్రబాబు కొట్టాలు... పార్టీని బట్టి పేర్లు మారాయి, లెవెల్ మారలేదు. పల్లెల్లో ఇది ఇంకా పాత సంగతి. ఎస్సీ కాలనీ చెరువు కట్ట కిందనో, ఊరి మురుగంతా దిగే పల్లపు వైపో ఉన్న ఊళ్లు మన జిల్లాలో ఎన్ని చూపించమంటావు? నీరు పల్లమెరుగు అంటారు నిజమే, ఆ పల్లం ఎవరికి రాసిచ్చారో మాత్రం తాలూకాఫీసు ఎరుగు.

జాగా ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. మునగడాన్ని ఏటా కొంచెం కొంచెం పక్కవాడి మీదికి నెట్టే పనులు టౌను లోపల జరుగుతుంటాయి. రోడ్లు చూడు. పాత సిమెంటు రోడ్డు పగిలితే తవ్వి తీయరు, దాని మీదే ఇంకో అర అడుగు పోస్తారు. పదిహేనేళ్లలో రెండు మూడు సార్లు పోస్తే, మూడు మెట్లెక్కి లోపలికి పోయే ఇల్లు కాస్తా ఒక మెట్టు దిగి పోయే ఇల్లవుతుంది. స్తోమత ఉన్నాయన పాత ఇల్లు పడగొట్టి, నాలుగడుగులు గ్రావెల్ కొట్టి, బేస్‌మెంటు లేపి కొత్తిల్లు కడతాడు. ఆయన ఇంటి మీదుగా పోయే నీళ్లు ఇప్పుడు ఎటు పోవాలి? లేపుకోలేనివాడి ఇంటికే. వీధిలో అందరూ లేపుకున్నాక చివరికి మిగిలిన రెండు రేకుల ఇళ్లు ఆ వీధి మొత్తానికి మరువ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) అయిపోతాయి. వాళ్లిద్దరి మధ్య తగాదా వచ్చి ఒకరినొకరు తిట్టుకుంటుంటే నేను చూశాను. లేపినాయన ఇంటి గేటు మూసే ఉంది.

2024 వరద తర్వాత విలువ కట్టడానికి వెళ్లిన ఒక ఇంటి గురించి చెబుతాను. వీధి పేరు వద్దులే. కింద రెండు గదులు బాడుగకిచ్చి పైన ఓనరు ఉంటున్నాడు. బ్యాంకు లోను పైవాడిది, కాబట్టి నేను చూడాల్సింది కట్టడం ఒక్కటే. గోడ మీద చార నా టేపుకు 3 అడుగుల 2 అంగుళాలు వచ్చింది. కింద బాడుగకున్నామె చెప్పేదాకా నాకు తట్టనిది ఒకటుంది. నీళ్లు మొదట వాకిట్లోంచి రాలేదు, మరుగుదొడ్డి లోంచి వచ్చాయి. గుంత నిండి, బేసిన్‌లోంచి పైకి తన్నుకొచ్చాయట. వాకిలికి గోనెసంచులు అడ్డం పెడుతున్నంతసేపూ వెనకనుంచి ఇల్లు నిండుతూనే ఉంది. ఫ్యాను కొక్కేనికి ఒక కవరు వేలాడుతోంది, అందులో ఆధార్లు, రేషన్ కార్డు, పిల్లల మార్కుల మెమోలు. మంచం నాలుగు ఇటుకల మీద, దాని మీద బియ్యం మూట. కుట్టుమిషను మాత్రం లేపలేకపోయింది. దాని మోటరు పోయింది, ఇరుగుపొరుగు కుట్టమని ఇచ్చిన జాకెట్ గుడ్డలు బురదలో నానిపోయాయి. ఆ గుడ్డలకు ఆమె డబ్బులు కట్టాలి. నా రిపోర్టులో రాసిందేమిటంటే, కట్టడానికి చెప్పుకోదగ్గ నష్టం లేదు, మళ్లీ రంగు వేస్తే సరిపోతుంది. అది అబద్ధం కాదు. ఇల్లు బాగానే ఉంది, ఇంట్లో ఉన్నవాళ్లు మునిగారు.

ధర్మవరం వైపు మగ్గాల ఇళ్లలో దీని తీరు ఇంకోలా ఉంటుంది. గుంత మగ్గం కదా, నేత మనిషి కాళ్లు పెట్టే గుంతలోకి నీళ్లు కిందనుంచి ఊరతాయి. గడప దాకా వరద రానక్కర్లేదు, నాలుగు రోజుల జడివాన చాలు. మగ్గం మీదున్న పట్టు నేసేవాడిది కాదు, షావుకారుది. తడిస్తే బాకీ. ఆ ఇల్లు మునిగిన ఇళ్ల జాబితాలోకి ఎక్కదు, ఎందుకంటే బయటినుంచి చూసేవాడికి అది మునగలేదు.

ఇరిగేషన్‌లో ఉన్నప్పుడు తరచూ విన్న మాట ఒకటుంది. చెరువు నిండి, మరువ చాలక, కట్ట జారుతుందేమో అన్నప్పుడు ఎక్కడో ఒకచోట తెంపి నీళ్లు వదలాల్సి వస్తుంది. అర్ధరాత్రి, టార్చిలైట్ల వెలుగులో, అప్పటికప్పుడు తేల్చాల్సిన సంగతి. "అటు వదలండి సార్, అటు పెద్దగా ఆస్తుల్లేవు" అంటారు ఊరి పెద్దమనుషులు. అటు ఉన్నవి కొట్టాలు, రేకుల షెడ్లు, నాలుగు బర్రెలు. అన్నీ కలిపినా ఇటువైపున్న ఒక్క రైస్ మిల్లు విలువ రాదు. అది అర్ధరాత్రి చేసే లెక్క. పగలు ఆఫీసులో చేసే లెక్క కూడా దాదాపు ఇంతే. వంకకు రక్షణ గోడ ఏ వైపు ముందు కట్టాలి, ఏ కల్వర్టు వెడల్పు చేయాలి అన్నప్పుడు, కాపాడే ఆస్తి విలువ ఎక్కువున్నచోట ఖర్చుకు సమర్థన దొరుకుతుంది. తక్కువున్నచోట ఫైలు తిరిగొస్తుంది. ఇప్పుడు నా రెండో ఉద్యోగం వైపునుంచి చూడు. ఆ రేకుల షెడ్డుకు నేను కట్టే విలువ లక్షో, లక్షన్నరో. కానీ ఆ మనిషికి ఈ లోకంలో ఉన్నదంతా అదే. మిల్లాయనకు మిల్లు పోతే ఇల్లుంది, ఇల్లు పోతే పొలముంది, అన్నీ పోతే హైదరాబాదులో కొడుకున్నాడు. ఉన్న ఆస్తిలో ఎంత భాగం పోయింది అని రాయడానికి మా ఫారంలో గడి లేదు.

పండమేరు నీళ్లు చేరే బుక్కరాయసముద్రం చెరువు కట్టను ముసలమ్మ కట్ట అంటారని నీకు తెలిసే ఉంటుంది. కట్ట తెగబోతే ఒక ఇంటి చిన్నకోడలు ముసలమ్మను బలి అడిగారని, ఆమె పోయి గండిలో నిలబడితే కట్ట నిలిచిందని కథ. చిన్నప్పుడు కళ్లు తుడుచుకుంటూ విన్నాం. ఉద్యోగంలో చేరాక మాత్రం నాకు ఆ ఇంట్లో కొడుకులు కూడా ఉన్నారు కదా అనిపించేది.

పెద్ద వరదకు ఉన్నవాడూ లేనివాడూ ఒకటే అంటావేమో. నీళ్లున్నంతసేపు ఒకటే. కర్నూలులో 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పాతబస్తీ మీద పడ్డాయి. ఆ రోజుల్లో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చింది. పూర్తిమట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాటాయి. సేట్ల అంగళ్లు, కూలీల ఇళ్లు ఒకే నీటిలో మునిగాయి. తర్వాత ఏమైందో చూడు. నాకు తెలిసిన ఒక బట్టల వ్యాపారి ఏడాది తిరక్కుండా మెరక మీద ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు. పాతిల్లు కడిగించి, రంగేయించి, మూడు వాటాలు చేసి బాడుగకిచ్చాడు. బాడుగ తక్కువని చేరినవాళ్లలో 2009 నాటికి ఆ ఊళ్లో లేనివాళ్లు కూడా ఉన్నారు. మునిగే ఇల్లు అదే, మునిగే మనిషి మారాడు. మీ బెంగళూరులో 2022 సెప్టెంబరులో కోట్ల విలువైన విల్లాలు మునగలేదా అంటావు. మునిగాయి. కానీ కార్లకు బీమా ఉంది, హోటల్లో దిగడానికి కార్డుంది, వారం రోజులు టీవీలో కనబడే భాగ్యం కూడా వాళ్లకుంది.

కడపలో బుగ్గవంక 2001లో ఊరిని ముంచింది. తర్వాత రక్షణ గోడలు కట్టారు. 2020 నవంబరులో నివర్ తుపాను వానకు వంక మళ్లీ వీధుల్లోకి వచ్చింది. గోడల్ని తప్పు పట్టను, అవి లేకపోతే ఇంకా అన్యాయం. కానీ గోడ నీళ్లను తాగేయదు, గోడ లేనిచోటికి పంపుతుంది. ఎక్కడ ఆగుతుందో అక్కడ ఎవరుంటున్నారో చూసుకోవాలి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోతే చెయ్యేరు నది పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు మీదుగా పోయింది. అక్కడ రక్షించడానికి గోడా లేదు, లేచి పరిగెత్తడానికి టైమూ లేదు. దాని గురించి రాస్తే ఇంకో పెద్ద జవాబు అవుతుంది.

వరద పోయాక కాగితాల వంతు. కేంద్రం 2022–26 కాలానికి ఇచ్చిన విపత్తు సాయం నిబంధనల్లో, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. దాని కింద చిన్న షరతు ఒకటుంది. ఆ ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని రాష్ట్రం తరఫున సంబంధిత అధికారి ధ్రువీకరించాలి. వంక పోరంబోకులో ముప్పై ఏళ్లనుంచి కొట్టంలో ఉన్నాయనకు అది ఎవరు ధ్రువీకరిస్తారు? కరెంటు మీటరుంది, ఇంటిపన్ను రసీదుంది, ఓటుంది, ఆ ఒక్క కాగితం లేదు. దయతలచి రాసే అధికారులను చూశాను, రాయనివాళ్లనూ చూశాను. ఇంటి యోగం అధికారి మనసును బట్టి ఉండకూడదు.

ఇంకో చిక్కు. మన పల్లెల్లో చౌడుమిద్దెలు (మట్టిగోడలు, పైన చౌడు మట్టి కప్పు) నీళ్లున్నప్పుడు కూలవు. తెరిపిచ్చి ఎండ కాసిన మూడో నాడో నాలుగో నాడో కూలతాయి. నానిన మట్టిగోడ ఆరేటప్పుడు బీటలిస్తుంది, పైన తడిసిన చౌడు బరువు అట్లనే ఉంటుంది. అప్పటికి నష్టం రాసుకునేవాళ్లు వచ్చి పోయుంటారు, వాళ్ల పుస్తకంలో ఆ ఇల్లు 15 శాతం లోపే. మన ప్రాంతంలో వరద తర్వాత రాసుకోవడం రెండుసార్లు జరగాలని సర్వీసులో ఉన్నప్పుడు చాలామందికి చెప్పాను. రెండోసారి జీపుకు డీజిల్ ఎవరిస్తారు అన్నారు.

రాష్ట్రం తలుచుకుంటే పైన కలపొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కింది అంతస్తు వాళ్లకు 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 ఇచ్చారు. అంతస్తును బట్టి ఇవ్వడం నాకు నచ్చింది, కింద ఉన్నవాడికే ఎక్కువ పోతుందని ఒప్పుకున్నట్టు. కానీ బాడుగకున్నవాళ్ల రేషన్ కార్డు ఎక్కడో సొంతూరి అడ్రసుతో ఉంటుంది. వార్డు సచివాలయం జాబితాలో ఆ ఇంట్లో కనబడేది ఓనరు. నువ్వు చేయాల్సిన మొదటి పని ఇదే. అమ్మానాయనల పేర్లు ఇప్పుడున్న బాడుగ ఇంటి అడ్రసుకు సచివాలయంలో మార్పించు. బాడుగ అగ్రిమెంటు రాయించి దగ్గర పెట్టుకో.

బీమా కూడా కాగితం వెంటే పోతుంది. మన దగ్గర ఇంటికి బీమా ఉందంటే లోను ఉందని అర్థం. బ్యాంకే కట్టిస్తుంది. డి-పట్టా (గవర్నమెంటు పేదలకు రాసిచ్చిన) జాగా మీద, నోటరీ కాగితం మీద లోను పుట్టదు, కాబట్టి బీమా ఊసే రాదు. ఎవరి ఇల్లు మునుగుతుందో వాళ్లకు లేదు, ఎవరికి ఉందో వాళ్ల ఇల్లు మెరక మీద. లోను లేకపోయినా తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే ఒకే తీరు పాలసీ అన్ని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలూ ఇస్తున్నాయి. వరద, ముంపు అందులో ఉన్నాయి. భూమి ధర లెక్కలోకి రాదు, కట్టుబడి ఖర్చే లెక్క. ఇంటికి తీసుకుంటే ఆ మొత్తంలో 20 శాతం, 10 లక్షలకు మించకుండా, ఇంట్లో సామాన్లకు దానంతటదే వస్తుంది. సామాన్లకు మాత్రమే విడిగా కూడా తీసుకోవచ్చు, అంటే బాడుగకున్నవాళ్లకూ పనికొస్తుంది. మగ్గం, కుట్టుమిషన్ల లాంటి పనిముట్లు ఉంటే చిన్న పరిశ్రమల పాలసీ వేరే ఉంది, భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని. ఏజెంట్లు వీటిని తమంతట తాము చెప్పరు, కమీషను రొంతే.

ఇక నీ 3 సెంట్లు. లేఅవుటుకు అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా అని అడుగు, కానీ ఉన్నంత మాత్రాన మునగదని అనుకోకు. బిల్డింగ్ రూల్స్ ప్రకారం వెడల్పు 10 మీటర్లు దాటిన వాగు, వంకలకు హద్దునుంచి 9 మీటర్లు వదలాలి, అంతకన్నా చిన్నవాటికి 2 మీటర్లు. 9 మీటర్లంటే ముప్పై అడుగుల రోడ్డు. అది కూడా సర్వే పటంలో ఉన్న హద్దునుంచి. 2024లో పండమేరు పటం చూసుకుని పారలేదు. తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడు. అసైన్డ్ జాగాల (గవర్నమెంటు పేదలకిచ్చినవి) నియమాలు ఈమధ్య పదేపదే మారాయి, బ్రోకరు చెప్పే "ఇప్పుడు ఫ్రీ అయిపోయింది సార్" అన్న మాటను కాగితంలో చూపించమను. ఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ నంబరు పాత వివరం ఏముందో, ఎఫ్‌ఎంబీలో (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం) వంక గీత ఎక్కడినుంచి పోతోందో చూడు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి జరిపి చూస్తే లేఅవుటు వేయకముందు అక్కడేముందో తెలుస్తుంది.

కాగితాలకన్నా ముందు ఒక పొద్దున పోయి చుట్టూ తిరుగు. కరెంటు స్తంభాల మీద, గుడి గోడ మీద 2024 చార ఇంకా దొరకొచ్చు. జమ్ము మొలిచిన చోట నీళ్లు నిలుస్తాయి. హైవే కట్టకు ఏ వైపున ఉందో చూడు. హైవే ఎత్తుగా ఉంటుంది కాబట్టి, వంతెన కింద పట్టనంత నీళ్లొస్తే ఎగువ వైపు అది చెరువు కట్టలాగే ఆపుతుంది. ప్లాటు ఎగువ వైపుండి, వంతెన అడుగు మట్టం కంటే పల్లంగా ఉంటే ఇక ఆలోచించనక్కర్లేదు. లేఅవుటు వాళ్లను అడక్కు. దగ్గరలో టీకొట్టు ఆమెను, గొర్రెలు తోలే ముసలాయనను అడుగు, వాళ్లకు అమ్మకం కమీషను ఉండదు.

మట్టి కొట్టి లేపుకుంటే సరిపోతుంది కదా అంటావు. 3 సెంట్లను 4 అడుగులు లేపాలంటే దాదాపు 150 ఘనపు మీటర్ల గ్రావెల్, రోలింగు, చుట్టూ రాతి కట్టడం. సగం రేటుకు వచ్చిందన్న సంతోషంలో మంచి భాగం అక్కడే పోతుంది. పైగా నువ్వు లేపితే ఆ నీళ్లు పక్కనున్న 1 సెంటు ఇళ్లకు పోతాయి, వాళ్లు లేపుకోలేరు. తప్పదంటే పిల్లర్ల మీద కట్టి కింద ఖాళీ వదులు, ప్రహరీకి అడుగున కంతలు పెట్టు, నీళ్లు వాటి దారిన అవి పోతాయి. కానీ అమ్మానాయనల కోసం కదా, రోజూ అన్ని మెట్లు వాళ్లు ఎక్కగలరా?

నేనైతే కొనను. అదే డబ్బుకు మెరకలో సెంటున్నర వస్తుంది, ఇద్దరు పెద్దవాళ్లకు అది చాలు. ప్లాటు మీద ఆశ చావకపోతే సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీ నకలు ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను. మీవాళ్లు ఇప్పుడుండే బాడుగ ఇల్లు ఏ రోడ్డులో ఉందో రాయలేదు. నడిమివంకకు దగ్గరైతే ఆ సామాన్ల పాలసీ ఈ వానాకాలం లోపే తీసుకో.